బయటి గడియ

రంగు కలిపి సగం తలకు పట్టించాక గానీ పార్లరమ్మ ఆ కళ్లజోడును చూడలేదు. అద్దం కింద బల్ల మీద, దువ్వెనల డబ్బా పక్కన పడి ఉంది. చెవుల దగ్గర ఎర్ర రబ్బరు తొడిగిన చిన్న కళ్లజోడు. పొద్దున కూతురికి జడ వేస్తూ తీసి పక్కన పెట్టింది. పెట్టిందీ తనే, మరిచిందీ తనే.

"అయ్యో, ఇది లేకపోతే దానికి పలక కూడా కనబడదండీ," అంది చేతి తొడుగులు పీకేస్తూ.

కుర్చీలో ఉన్న బ్యాంకావిడ అద్దంలోంచి అనుమానంగా చూసింది. "నన్నిలా వదిలేసి ఎక్కడికి?"

"బడి ఈ వీధి చివరే కదా. రంగు పట్టేలోపు వచ్చి వాలతాను."

"రాకపోతే?"

"ఇంకాస్త బాగా పడుతుంది. ఇంటికెళ్తే మీ ఆయన గుర్తుపట్టరు, అంతే."

బ్యాంకావిడ నవ్వు ఆగకముందే ఆమె మెట్లు దిగేసింది.

బడి గేటు బార్లా తెరిచి ఉంది. నేల కడిగిన తడి ఇంకా ఆరలేదు. ఎవరో పెద్దలు వస్తున్నారట. పిల్లలు రెండు వరసల్లో నిలబడి, చేతుల్లో పూలు పట్టుకుని, ఒకరి బూట్లు ఒకరు తొక్కుకుంటున్నారు. వాచ్‌మన్ కార్లకు దారి చూపించే హడావిడిలో ఉండి ఆమెను అడ్డగించలేదు. ఆమె సైకిళ్ల షెడ్డు పక్కగా వెనక్కి నడిచింది.

నీళ్ల పంపు గదిని ఆనుకుని ఉంటుంది ప్రత్యేక తరగతి. ముగ్గురు పిల్లలు, ఒక ఆయా. తలుపుకు రంగు కాగితంతో చేసిన సీతాకోకచిలుక అంటించి ఉంది. దాని కింద గడియ బిగించి ఉంది. బయటినుంచి.

లోపల ఎవరూ లేరేమో, వీళ్లనీ పూలు పట్టుకుని నిలబడటానికి తీసుకెళ్లారేమో అనుకుంది పార్లరమ్మ. ఒక్క క్షణం ఆమెకు సంతోషమే వేసింది. తన కూతురు గువ్వ ఏ వరసలో ఉందో చూసుకోలేదే అని వెనక్కి తిరగబోయింది కూడా.

అప్పుడు లోపలినుంచి "కూ" అని వినబడింది.

ఆ గొంతు ఆమెకు తెలుసు. బస్సు డ్రైవర్ కొడుకు. ఎక్కడున్నా గోడకు అరచెయ్యి ఆనించి, కూ అంటూ గోడ వెంట నడుస్తూనే ఉంటాడు కాబట్టి వాడికి రైలు అని పేరు పడింది. ఆమె గడియ లాగింది. బిర్రుగా లేదు. నూనె పూసినట్టు జారింది.

రైలు గోడ పట్టుకుని తిరుగుతున్నాడు. మూలన చాప మీద మూడోవాడు, అమ్మమ్మ పెంచుతున్న పిల్లాడు, వాళ్లమ్మమ్మ బంగారం అని పిలిచేవాడు, నోట్లో చొక్కా కాలరు పెట్టుకుని నిద్రపోతున్నాడు. గువ్వ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. గౌను వెనక భాగం తడిసి కాళ్లకు అంటుకుంది. కింద నేల మీద మడుగు.

"గువ్వా."

తొమ్మిదేళ్ల పిల్ల తల తిప్పలేదు. కిటికీతో చెబుతున్నట్టు, తనది కాని గొంతుతో అంది. "అరవకూడదు. ఐదు నిమిషాలే. అరవకూడదు."

గువ్వ రోజూ ఏది వింటే అదే అంటుంది. ఎవరన్నారో వాళ్ల గొంతుతోనే అంటుంది. అది ఆయా గొంతు.

పార్లరమ్మ కళ్లజోడు తొడిగి, గువ్వ బడి సంచిలోంచి వేరే గౌను తీసి మార్చింది. తడిసినదాన్ని పిండి, దానితోనే నేల తుడిచింది. అంతలో ఆయా కొంగుతో చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. తెరిచిన తలుపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేను వేయలేదమ్మా. అంటే, వేశాను. వేయమన్నారు. గ్లాసులు కడగడానికి మనిషి లేదని నన్ను అటు పిలిచారు. నేనొక్కదాన్ని, ఎక్కడని చావను?"

పార్లరమ్మ లేచింది. తలుపు దగ్గర వంగి గడియను చూసింది. తలుపంతటికీ ఆకుపచ్చ రంగు, గడియకూ అదే రంగు. కానీ అది జారే చోట రంగంతా పోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఒక్కపూట వాడితే అలా మెరవదు.

ఆమె తిరిగి వెళ్లేసరికి బ్యాంకావిడ తల మీద తువ్వాలుతో వాకిట్లోకి వచ్చి నిలబడి ఉంది. జుట్టు కాకిరెక్కలా తేలింది. అదీ పరవాలేదు, నుదురంతా నల్లటి చార. దూదికి క్రీము రాసి ఎంత రుద్దినా ఆ చార పోలేదు. పార్లరమ్మ రుద్దుతూనే ఉంది. చివరికి బ్యాంకావిడే "వదిలెయ్, తోలు ఊడేలా ఉంది," అని లేచిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ప్రిన్సిపాల్ గది ముందు కూర్చుంది. లోపలికి పిలిచాక ప్రిన్సిపాల్ మేడం ఎదురు కుర్చీ చూపించింది. టీ కూడా తెప్పించింది. గొంతు పెంచే మనిషి కాదామె.

"జరిగింది ఆయా చెప్పింది. అతిథులు వచ్చారని ఒక్కపూట అలా చేయాల్సి వచ్చింది. పిల్లల భద్రత కోసమే."

"ఒక్కపూట కాదు మేడం. గడియ అరిగిపోయి ఉంది."

"పాతదేమో."

"నా కూతురు నిన్నటినుంచి 'ఐదు నిమిషాలే, అరవకూడదు' అంటోంది. ఒకసారి విన్నమాట అది అనదు. రోజూ వింటేనే నాలుక మీదకు వస్తుంది."

ప్రిన్సిపాల్ కప్పును సాసరు మీద కొంచెం తిప్పి పెట్టింది. "చూడండమ్మా. ఆ రైలు అనే పిల్లాడు ఒక్కచోట ఉండడు. గేటు దాటిపోతే? రేపు మీరే వచ్చి నా గొంతు పట్టుకుంటారు."

"ఇంకో మనిషిని పెట్టండి."

"పెట్టాలనే ఉంది. అన్నీ మనం అనుకున్నట్టు అవుతాయా?" ఆమె నవ్వింది. "మీకు తెలియంది కాదు. ఇక్కడికి వచ్చేముందు మీరెన్ని బళ్లు తిరిగారో నాతోనే చెప్పుకున్నారు. అందరూ కాదంటే మేం తీసుకున్నాం. దానికి దండలు వేయమని అడగటం లేదు. కానీ దొంగల్ని నిలదీసినట్టు అడిగితే బాధగా ఉంటుంది."

పార్లరమ్మ చేతిలో టీ చల్లారింది. ఏం చెప్పాలో ఇంటిదగ్గర వరస పెట్టుకుని వచ్చింది. ఆ వరసలో ఆఖరి మాటే మిగిలింది. "తలుపు తీసి ఉంచండి మేడం. అంతే అడుగుతున్నాను," అని లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం డ్రైవర్ కొడుకుని తీసుకుని పార్లరుకు వచ్చాడు. ఆడవాళ్ల పార్లరే అయినా ఈ పిల్లలకు జుట్టు కత్తిరించేది ఆమె ఒక్కతే. మిగతా షాపుల్లో కుర్చీకి కట్టేసినంత పని చేస్తారు. రైలుకు కత్తెరంటే భయం లేదు. కూర్చోవడమే వాడి వల్ల కాదు. అందుకని ఆమె వాడితోపాటే నడుస్తుంది. వాడు గోడ పట్టుకుని ముందు, ఆమె కత్తెరా దువ్వెనా పట్టుకుని పక్కన. మూల తిరిగేటప్పుడు వాడు క్షణం ఆగుతాడు. ఆ క్షణంలో చెవి దగ్గర ఒక్క కోత. మళ్లీ నడక. గోడ పొడుగునా నేల మీద సన్నగా జుట్టు గీతలా పడింది.

"పల్లకీ ఒక్కటే తక్కువ," అంది అమ్మమ్మ. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, మోకాళ్లు రుద్దుకుంటూ మూలకుర్చీలో కూర్చుంది. పార్లరమ్మే ఆమెకు కబురు పెట్టింది.

విషయమంతా డ్రైవర్ నిలబడే విన్నాడు. టోపీ తీసి లోపలి పట్టీని గోటితో గీరాడు.

"ఎందుకు చెల్లెమ్మా ఇప్పుడీ గొడవ? లోపలుంటే లోపలున్నారు. కొట్టడం లేదు కదా."

"కొట్టకపోతే చాలా అన్నయ్యా? పిల్ల ఉచ్చలో నిలబడి ఉంది."

"మనం నోరు తెరిస్తే మన పిల్లల్ని పట్టుకెళ్లమంటారు. ఉన్నదీ పోయి, అనుకున్నదీ పోతే? నేను బస్సు తోలనా, వీడి వెనక తిరగనా? ఇంట్లో మీ వదిన పురిటి మంచం మీద ఉంది."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు," అంది అమ్మమ్మ. "నేనైతే వస్తాను. నన్ను వాళ్లు చేసేదేముంది? పళ్లు రాలగొడతారా? ఆ పని దేవుడు ఎప్పుడో చేశాడు."

డ్రైవర్ నవ్వలేదు. కొడుకు తన ముందునుంచి వెళ్తుంటే చెయ్యి చాపి, మెడ మీద అంటుకున్న వెంట్రుకలు ఊదాడు.

పార్లరమ్మ కత్తెర మూసింది. "అన్నయ్యా, నేనొక్కదాన్నే వెళ్తే అది నా నోటి దురుసు. ముగ్గురం వెళ్తే అది మాట. నువ్వు ఏమీ మాట్లాడక్కర్లేదు. ఆ యూనిఫారం వేసుకుని నా పక్కన నిలబడు చాలు."

"నిలబడటానికైతే వస్తాలే," అన్నాడతను చివరికి.

ముగ్గురూ కలిసి వెళ్లిన రోజు ప్రిన్సిపాల్ వాళ్లను ఎక్కువసేపు కూర్చోబెట్టలేదు. పార్లరమ్మ ఈసారి బాగానే మాట్లాడింది. పిల్లల్ని తాళం వేసి ఉంచడానికి అదేమీ గోదాము కాదంది. తలుపు తీసి ఉంచాలి, ఆయాను వేరే పనులకు లాగకూడదు, వెనక గేటు మూసి ఉంచాలి అంది. అమ్మమ్మ మధ్యమధ్య "అదీ మాట" అంటూ ఉంది. డ్రైవర్ ఇచ్చిన మాట ప్రకారం నిలబడ్డాడు.

ప్రిన్సిపాల్ ముగ్గురినీ మార్చిమార్చి చూసింది. వాదించలేదు. బెల్లు నొక్కి, బళ్లో మరమ్మతులు చేసే మనిషిని పిలిపించింది. "వెనక గది గడియ తీసెయ్. ఇప్పుడే. వీళ్ల ముందే."

అందరూ వెనక్కి నడిచారు. మరమ్మతు మనిషి స్క్రూలు ఒక్కొక్కటే విప్పి జేబులో వేసుకున్నాడు. గడియ ఊడివచ్చిన చోట ఆకుపచ్చ రంగులో కర్ర తెల్లగా కనబడింది.

"మీరు అడిగింది చేశాం," అంది ప్రిన్సిపాల్. "ఇకమీద ఏదైనా జరిగితే, మీరు అడిగారనే చేశామని కూడా గుర్తుంచుకోండి."

"మరి ఆయా సంగతి? గేటు సంగతి?"

"చూస్తాం. ఒక్కొక్కటే."

బయటకు వచ్చాక పార్లరమ్మకు నేల మీద కాళ్లు ఆనలేదు. ఎదురు కొట్టులో అందరికీ టీ చెప్పింది. అమ్మమ్మ సాసరులో పోసుకుని ఊదుకుంటూ, "నా పెళ్లప్పుడు కూడా నామాట ఇంత తొందరగా నెగ్గలేదే అమ్మాయ్," అంది. ఈసారి డ్రైవర్ కూడా నవ్వాడు. తాగిన గ్లాసు తనే కడిగి బల్ల మీద బోర్లించి, "పోనీలే చెల్లెమ్మా, నీ పుణ్యాన," అన్నాడు.

ఆ రాత్రి ఆమె భర్తకు పూసగుచ్చినట్టు చెప్పింది. అచ్చాఫీసులో పగలంతా యంత్రం దగ్గర నిలబడి వచ్చిన మనిషి, గోళ్ల సందుల్లో సిరా సబ్బుతో తోముకుంటూ విన్నాడు. "అంత తేలిగ్గా ఒప్పుకుందా?" అన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. "నా పని ఒక్కటైనా బాగుందనవు కదా నువ్వు," అని పక్కకు తిరిగి పడుకుంది.

గడియ తీసిన తర్వాత ఒకరోజు మాత్రం అంతా బాగుంది. మరుసటి రోజు పిల్లలకు పరీక్షలు. నీళ్లు పోయడానికీ, కాగితాలు మోయడానికీ ఆయాను ముందు భవనంలోకి పిలిచారు. తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. వెనక గేటులోంచి బల్లలు దింపే బండి వచ్చింది. బండి వెళ్లాక ఎవరూ గేటు మూయలేదు.

పార్లరమ్మ ఒక పెళ్లికూతురి కనుబొమలు తీస్తోంది. దారం పళ్ల మధ్య బిగించి ఉంది. ఆయా గుమ్మంలోకి వచ్చి "రైలు లేడమ్మా" అంది. దారం తెగింది.

ఆమె వీధిలోకి పరుగెత్తింది. అందరూ ఎటు వెళ్లాడని అడుగుతున్నారు. ఆమె మాత్రం బడి వెనక గేటు దగ్గర నిలబడి, ఎడమవైపు గోడ ఎటు పోతుందో చూసింది. వాడి అరచెయ్యి ఎప్పుడూ ఎడమదే. బడి గోడ తర్వాత ఒక మేడ గోడ, దాని తర్వాత గోదాము గోడ. మధ్యలో సందు వచ్చినచోట గోడతోపాటే తిరిగి ఉంటాడు. ఆమె కూడా తిరిగింది. ఆ సందు బజారు రోడ్డు దగ్గర తేలుతుంది. గోడ అక్కడ అయిపోతుంది.

గోడ అయిపోయిన చోటే ఉన్నాడు రైలు. కుడిచెయ్యి గాలిలోకి చాచి, దొరకని గోడ కోసం తడుముతున్నాడు. చుట్టూ జనం. ఎవరిదో మోటారు సైకిలు పక్కకు పడి ఉంది. ఆ కుర్రవాడు "నేను చూసుకునే నడిపానండీ, వాడే చెయ్యి చాపాడు," అని కనబడినవాళ్లందరికీ చెబుతున్నాడు. రైలు గడ్డం చీలి చొక్కా ముందంతా నెత్తురు. ఎడమచెయ్యి మోచేతి దగ్గర ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. ఏడవడం లేదు. చాలా మెల్లగా కూ అంటున్నాడు.

ఆమె పక్కన నిలబడి తన వీపు ఆనించింది. వాడి మంచి చెయ్యి ఆమె వీపును తడిమి, గోడ దొరికినట్టు అక్కడ ఆగింది. అలాగే మెల్లగా ఆసుపత్రికి నడిపించింది.

డ్రైవర్‌కు ఫోన్ చేసింది ఆమే. అతను బస్సులో ఉన్నాడు, బస్సు నిండా జనం ఉన్నారు. "ప్రాణానికి భయం లేదు కదా?" అని ఒక్కటే అడిగాడు. లేదంది. ఫోన్ పెట్టేశాడు. దించాల్సినవాళ్లను దించుతూ, ఎక్కాల్సినవాళ్లను ఎక్కించుకుంటూ ఆఖరి స్టాపుదాకా బస్సు నడిపించి, తాళాలు అప్పజెప్పి వచ్చాడు. ఆసుపత్రి వసారాలోకి వచ్చేసరికి అతని చొక్కా చెమటతో నల్లబడి ఉంది.

కొడుకు చేతికి కట్టు వేశారు. గడ్డానికి కుట్లు పడ్డాయి. డ్రైవర్ మంచం పక్కన నిలబడి ఆ కుట్లనే చూస్తున్నాడు.

"అన్నయ్యా, ఆయాను మళ్లీ పిలిచారట. గేటు తీసి వదిలేశారు. రేపు మనం..."

"మీరు ఇంటికి వెళ్లండి," అన్నాడు డ్రైవర్. ఇన్నాళ్లూ చెల్లెమ్మా అన్న నోటితో మీరు అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

పొద్దున ఆమె గువ్వను తీసుకుని బడికి వెళ్లేసరికి, వెనక గది తలుపు ముందు డ్రైవర్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన కాగితంలో చుట్టిన కొత్త గడియ. చేతిలో స్క్రూడ్రైవర్. పాత చిల్లులు వదులైపోయాయి. అగ్గిపుల్లలు విరిచి ఒక్కో చిల్లులో కూరి, వాటి మీద స్క్రూ పెట్టి తిప్పుతున్నాడు. కొంచెం దూరంలో ప్రిన్సిపాల్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అమ్మమ్మ మనవడి చెయ్యి పట్టుకుని నేల చూపులు చూస్తోంది.

"అన్నయ్యా, ఏంటిది?"

అతను చెయ్యి ఆపలేదు. "కనబడటం లేదా?"

"తప్పు వాళ్లది. మనిషిని పెట్టకుండా గడియ తీశారు. కావాలనే తీశారు. ఇప్పుడు నువ్వే..."

"మీరు చెప్పేవన్నీ నిజమే." స్క్రూ బిగిసి కర్ర చిన్నగా కిర్రుమంది. "నిజం పెట్టుకుని నేనేం చేసుకోను? వాడికి ఇక మిగిలింది ఒక్క చెయ్యే."

"పోనీ లోపలివైపు పెట్టు. ఆయా లోపలినుంచి వేసుకుంటుంది."

"లోపల పెడితే వీడు తీస్తాడు. ఎంత ఎత్తున పెట్టినా, కుర్చీ లాక్కుని తీస్తాడు." డ్రైవర్ మొదటిసారి ఆమె వైపు చూశాడు. కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. "మా ఇంట్లో కూడా బయటే ఉంది. పురిటికి ముందు మీ వదిన వంట చేసుకునేటప్పుడు వేసేది. నేను డ్యూటీకి వెళ్లేటప్పుడు వేస్తాను. ఇన్నాళ్లు మీ దగ్గర చెప్పలేదు. చెప్తే మీరు నా మొహం కూడా అలాగే చూసేవాళ్లు, ఆ మేడం మొహం చూసినట్టు."

పార్లరమ్మ గువ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె అమ్మమ్మ వైపు చూసింది. తనవైపు ఒక్క ముక్క మాట్లాడుతుందేమోనని చూసింది.

"నా మోకాళ్లతో నేను పరుగెత్తలేనే అమ్మాయ్," అంది అమ్మమ్మ. "వీడు గేటు దాటితే నేను పట్టుకోలేను." ఈసారి ఆమెకు వేళాకోళం తోచలేదు.

ఆఖరి స్క్రూ బిగించి డ్రైవర్ గడియను అటూ ఇటూ లాగి చూశాడు. కొత్తది కాబట్టి కీచుమంది. లేచి ప్యాంటు దులుపుకుని, ఎవరికీ చెప్పకుండా డ్యూటీకి వెళ్లిపోయాడు.

ప్రిన్సిపాల్ దగ్గరికి వచ్చింది. గెలిచినట్టు మొహం పెట్టలేదు. నిజంగా జాలిపడుతున్నట్టే ఉంది. "మీ బాధ నాకు తెలుసు. తల్లిదండ్రుల్లో ఒకరు వచ్చి పిల్లలతో ఉంటామంటే నేనెప్పుడూ కాదనను. అలా చేసే బళ్లు ఎన్నో ఉన్నాయి. పిల్లలకూ మంచిది."

గువ్వ తల్లి చెయ్యి విడిపించుకుని గదిలోకి నడిచింది. ఎప్పటిలాగే కిటికీ దగ్గరికి వెళ్లి ఊచలు పట్టుకుంది. ఎవరూ ఏమీ అనకముందే, ఆయా గొంతుతో, "ఐదు నిమిషాలే," అంది.

పార్లరమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లి చాప మీద కూర్చుంది. "నేనుంటాను," అంది.

ఆ రోజుకనుకుంది. తర్వాత ఆ వారానికనుకుంది. ఆమె ఉంది కదా అని ఆయాను పూర్తిగా ముందు భవనానికి మార్చేశారు. కట్టు చేతితో రైలు తిరిగి వచ్చాడు. ముగ్గురు పిల్లలు, తనొక్కతి. ఒకరికి బట్టలు మారుస్తుంటే ఇంకొకరు తలుపు దగ్గర ఉంటారు. రెండోరోజు రైలు పంపు గది దాకా వెళ్లిపోయాడు. మూడోరోజు పొద్దున ఆమే వాచ్‌మన్‌ను పిలిచి, "కాస్త గడియ వేసి వెళ్లు బాబాయ్," అంది. తను లోపల ఉండగానే. బయటికి రావాలంటే కిటికీలోంచి కేక వేయాలి. వాచ్‌మన్ గేటు దగ్గర ఉంటే ఒక్కోసారి వినబడదు. ఒకరోజు ఆమే ఆపుకోలేక కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడింది. గువ్వ వచ్చి తల్లి కొంగు పట్టుకుని, "అరవకూడదు," అంది. ఆమె ఆ పిల్లను ఒక్కటి వేసింది. వేశాక తన చేతిని తనే చూసుకుంది.

పార్లరు సాయంత్రాలు మాత్రమే తెరుస్తోంది. పగటి బేరాలన్నీ వీధి మొదట్లో కొత్తగా పెట్టిన షాపుకు మళ్లాయి. బ్యాంకావిడ అక్కడినుంచి వస్తూ ఎదురుపడి, తలకు కొంగు కప్పుకుంది. భర్త ఒకసారి, "ఎన్నాళ్లు?" అన్నాడు. ఆమె అన్నం కలిపి గువ్వ నోట్లో పెట్టింది. అతను మళ్లీ అడగలేదు. మూడో తరగతి పిల్లలు నీళ్లకు వెళ్తూ ఆమెను ఆయమ్మా అని పిలుస్తున్నారు. మొదట్లో "నేను ఆయమ్మను కాదు నాన్నా," అనేది. ఇప్పుడు "ఏంటమ్మా?" అంటోంది.

డ్రైవర్ పొద్దున కొడుకుని గుమ్మం దాకా తెచ్చి దింపుతాడు. "తినేశాడు," అనో, "రాత్రి నిద్రపోలేదు," అనో ఒక మాట చెప్పి వెళ్తాడు. చెల్లెమ్మా అనడు. మీరూ అనడు.

ఒక పొద్దున గడియ తీసిన చప్పుడు విని ఆమె తలెత్తింది. వాచ్‌మన్ వెనక ప్రిన్సిపాల్. ఆమె పక్కన ఎవరో అమ్మాయి. ముప్పై లోపే వయసు. ఇస్త్రీ చీర, మెడలో ఏదో షాపు వాళ్ల గుర్తింపు కార్డు. సెలవు పెట్టకుండా పని మధ్యలో వచ్చినట్టుంది. ఆమె నడుము పట్టుకుని, ముఖం చీరలో దాచుకుని ఒక పిల్లాడు.

"ఇదే మా ప్రత్యేక తరగతి," అంటోంది ప్రిన్సిపాల్. "ఇక్కడ తల్లులే స్వయంగా ఉంటారు. అంత కలిసిపోయి పనిచేస్తాం." పార్లరమ్మ వైపు చూసి ఆప్యాయంగా నవ్వింది. "మాట్లాడుకోండి. నేను ఆఫీసులో ఉంటాను."

ఆమె వెళ్లిపోయాక కొత్త తల్లి గదంతా చూసింది. గోడ పట్టుకుని తిరుగుతున్న రైలును చూసింది. వాడు దగ్గరికి వస్తే తప్పుకుని దారి ఇచ్చింది.

"నాలుగు చోట్ల కాదన్నారండీ," అంది మెల్లగా. "ఇక్కడ తీసుకుంటామన్నారు. మీ పాప కూడా ఇక్కడే కదా. నిజం చెప్పండి, బాగా చూస్తారా?"

పార్లరమ్మ దగ్గర ఆ ప్రశ్నకు చాలా జవాబులున్నాయి. అన్నీ నోటిదాకా వచ్చాయి. ఆ పిల్లాడు చీరలోంచి ఒక కన్ను మాత్రం బయటపెట్టి, రైలు చేతి కట్టును చూస్తున్నాడు. వీళ్లను ఇక్కడినుంచి పంపేస్తే ఐదో బడి ఎక్కడుందో ఆమెకు తెలియదు.

"బాబు పరుగెత్తుతాడా?" అని అడిగింది.

"లేదండీ. కూర్చోబెట్టినచోటే కూర్చుంటాడు. కానీ కొత్తవాళ్లు ముట్టుకుంటే అరుస్తాడు."

"పరవాలేదు. అరవనివ్వండి." పార్లరమ్మ గుమ్మం వైపు చూసింది. తలుపు తెరిచి ఉండటంతో వెలుగు చాప దాకా వచ్చింది. గువ్వ కిటికీ వదిలేసి ఆ వెలుగులో కూర్చుని కాలివేళ్లు కదుపుకుంటోంది. "ఇక్కడ ఇంకో మనిషి ఉంటే ఒకరం గుమ్మంలో కూర్చోవచ్చు. అప్పుడు తలుపు వేయక్కర్లేదు."

కొత్త తల్లికి అర్థమైనట్టు లేదు. మర్యాదగా తలూపింది.

"మీరేం పని చేస్తారు?"

"బట్టల షాపులో. పైఅంతస్తంతా నేనే చూసుకుంటాను." ఆ మాట అంటున్నప్పుడు ఆమె వీపు కొంచెం నిటారైంది. "పోయిన నెలే సూపర్‌వైజర్‌ని చేశారు."

పార్లరమ్మ జరిగి, చాప మీద ఆమెకు చోటు చూపించింది.

"మానేయగలరా?" అంది.